కూచోబెట్టి చూస్తే తెలియని బీపీ

పార్కిన్సన్స్ జబ్బు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వణుకుతున్న చెయ్యి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో బాక్సర్ మహమ్మద్ అలీ వణికే చేత్తో జ్యోతి వెలిగించడం టీవీలో చూసినవాళ్ళు ఆ దృశ్యాన్ని మర్చిపోలేరు. మన ఆయుర్వేదం ఈ జబ్బుకి కంపవాతం అని పేరు పెట్టింది. 1817లో దీన్ని గురించి మొదటిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ కూడా తన పుస్తకానికి వణుకునే పేరుగా ఎంచుకున్నాడు. అయితే ఆ చిన్న పుస్తకంలోనే ఆయన మలబద్ధకం గురించీ, నోటివెంట చొంగ కారడం గురించీ కూడా రాశాడు. పేరులోకి ఎక్కింది వణుకు ఒక్కటే. మిగతా బాధలన్నీ నాలుగు గోడల మధ్య ఉండిపోయాయి.

ఆ నాలుగు గోడల మధ్య జరిగేది రోజూ చూసేది ఆడవాళ్ళే. ఆయన మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని జారిపోతే చూసేది ఇల్లాలు. మామగారు భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి అక్కడే కూలబడితే పరుగెత్తుకెళ్ళి పట్టుకునేది కోడలు. ఆస్పత్రికి వెళితే డాక్టరుగారు చెయ్యి చాపమంటారు, వేళ్ళు ఆడించమంటారు, నడిచి చూపించమంటారు. మందు రాస్తారు. తీరా గుమ్మం దాకా వచ్చాక ఇల్లాలు వెనక్కి తిరిగి, "అన్నట్టు డాక్టరుగారూ, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారండీ" అంటుంది. "వయసు కదమ్మా, నీరసం. బలానికి రాస్తాలే" అన్న జవాబుతో ఇంటికొస్తారు. ఆ గుమ్మం దగ్గర మాట గురించే ఈ వారం నేను రాయదలచుకున్నాను. ఎందుకంటే అది నీరసం కాకపోవచ్చు. జబ్బు తాలూకు రెండో ముఖం కావచ్చు.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆవిడకి పార్కిన్సన్స్ అని తేలిన నాలుగేళ్ళకి, 2012 ప్రాంతంలో, తరచూ పడిపోవడం మొదలైంది. పూజగదిలో నిలబడి హారతి ఇస్తూ ఒకసారి, భోజనం చేసి లేస్తూ ఒకసారి, తెల్లారగట్ల బాత్‌రూమ్‌కి వెళుతూ ఒకసారి. "ఏకాదశులూ, సోమవారాలూ మానదు, పడక ఏంచేస్తుంది?" అని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. ఇరుగమ్మ దిష్టి తీయించమంది. దగ్గర్లోని డాక్టరు కుర్చీలో కూచోబెట్టి బీపీ చూస్తే 160 ఉంది. బీపీ మాత్ర డోసు పెంచి, కళ్ళు తిరగడానికి వేరే మాత్ర ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆవిడ బిగుసుకుపోయి, పక్కమీద ఒత్తిగిల్లడానికి కూడా మనిషి సాయం కావలసొచ్చింది. పడిపోవడం మాత్రం ఆగలేదు.

చిక్కుముడి విప్పింది మా వదిన, ఆవిడ కోడలు. పాలలెక్క రాసే పుస్తకంలోనే అత్తగారు ఎప్పుడు పడ్డారో రాసిపెట్టింది. కూచున్నప్పుడు ఒక్కసారీ లేదు, పడుకున్నప్పుడు అసలే లేదు, అన్నీ లేచిన రెండు మూడు నిమిషాల్లోపే. వేరే ఊళ్ళో నరాల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళినప్పుడు ఆ కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన పెద్దమ్మని బల్లమీద పడుకోబెట్టి బీపీ చూశారు, 158. లేపి నిలబెట్టి మూడు నిమిషాలకి మళ్ళీ చూశారు, 94. మందులన్నీ వరసగా బల్లమీద పెట్టించి, అందులో రెండింటిని తీసేశారు. రోగం పూర్తిగా పోలేదు, పోయే రోగమూ కాదు. కానీ పెద్దమ్మ మళ్ళీ తన హారతి తనే, కుర్చీలో కూచుని ఇచ్చుకుంది.

అసలు జరుగుతున్నదేమిటి? మనం పడుకుని లేచి నిలబడగానే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్ళలోకీ, పొట్టలోకీ దిగిపోతుంది. మెడలోని పెద్ద రక్తనాళంలోనూ, గుండె పైభాగంలోనూ ఉన్న నరాల కొసలు ఒత్తిడి తగ్గిందని వెంటనే కనిపెడతాయి. ఆ కబురు మెదడుకి అందగానే, అక్కణ్ణించి వచ్చే ఆజ్ఞతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. క్షణాల్లో జరిగిపోయే ఈ పని మనకి తెలియనే తెలియదు. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, తిన్నది అరగడం, మూత్రం ఆపుకోవడం - మనం చెప్పకుండానే వాటంతటవే సాగే పనులన్నిటినీ నడిపించే ఈ నరాల ఏర్పాటుని స్వయంచాలిత నాడీవ్యవస్థ అంటారు. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తాయని మనం విన్నాం. ఆ నష్టం అక్కడితో ఆగదు. ఈ స్వయంచాలిత నరాలు కూడా దెబ్బతింటాయి.

1997లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న డేవిడ్ గోల్డ్‌స్టీన్ బృందం ఒక ముఖ్యమైన విషయం ప్రకటించింది. పార్కిన్సన్స్‌తోపాటు నిలబడితే బీపీ పడిపోయే రోగుల్లో, గుండెకి వెళ్ళే నరాలే నశించిపోయి ఉన్నాయని స్కానింగ్‌లో చూపించారు. అంటే గుండె కండరం బాగానే ఉండవచ్చు, రక్తనాళాల్లో అడ్డంకులేవీ లేకపోవచ్చు. దానికి కబురు మోసే నరం లేదు. అందుకే ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, యాంజియోగ్రామ్ కూడా బాగుంది అంటారు. "అన్నీ బాగున్నాయి, ఇదంతా మనసులోదే" అన్న మాట అప్పుడే పుడుతుంది. ఆడమనిషైతే ఆ మాట మరీ తొందరగా పుడుతుంది.

పార్కిన్సన్స్ ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి నిలబడినప్పుడు బీపీ పడిపోయే లక్షణం ఉంటుందని పరిశోధనలన్నిటినీ కలిపి లెక్క తేల్చారు. అందరికీ కళ్ళు తిరగాలనేం లేదు. కొందరికి నిలబడితే మెడా, భుజాలూ లాగేస్తాయి. కూచుంటే తగ్గిపోతుంది. కొందరికి చూపు మసకవుతుంది. కొందరు నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ తడబడతారు, అడిగినదానికి సంబంధం లేని జవాబిస్తారు. పడుకోబెడితే మళ్ళీ మామూలుగా మాట్లాడతారు. దీన్ని చూసి మతిమరుపు మొదలైందనుకునేవాళ్ళున్నారు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. చాలా ఇళ్ళలో ఉన్న బీపీ మిషన్ చాలు. మనిషిని అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి చూసి రాసుకోవాలి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకీ మళ్ళీ చూడాలి. నిలబడినప్పుడు చేతిని గుండె ఎత్తులో ఏదైనా ఆసరామీద ఉంచాలి. చెయ్యి వణుకుతుంటే మిషన్ తప్పు చూపిస్తుంది. పక్కన ఇంకో మనిషి తప్పనిసరిగా ఉండాలి. కళ్ళు తిరుగుతున్నాయంటే లెక్క సంగతి తర్వాత, ముందు కూచోబెట్టాలి. పై అంకె 20 గానీ అంతకుమించి గానీ పడిపోయినా, కింది అంకె 10 గానీ అంతకుమించి గానీ పడిపోయినా డాక్టరుకి చెప్పవలసిందే. బీపీ అంత పడిపోయినా నాడివేగం పెద్దగా పెరగలేదంటే నరాలవల్లే అని అనుమానించాలి. ఒంట్లో నీరు తగ్గిపోయినవాళ్ళకి నాడి బాగా వేగంగా కొట్టుకుంటుంది. పొద్దున్నే ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, మందు వేసుకున్న గంటకి ఒకసారి, ఇలా మూణ్ణాలుగు రోజులు రాస్తే డాక్టరుకి దారి కనిపిస్తుంది.

ఇక మందుల సంగతి. కళ్ళు తిరుగుతున్నాయంటే మందులషాపులో అడక్కుండానే చేతిలో పెట్టే మాత్రలున్నాయి. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వాటిలో ముఖ్యమైనవి. తలనొప్పికి వాడే ఫ్లూనరిజిన్ కూడా ఈ కోవలోదే. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ మరొకటి. ఇవన్నీ డోపమిన్‌కి అడ్డుపడేవి. అసలే డోపమిన్ తక్కువైన మనిషికి ఇవి ఇస్తే, కళ్ళు తిరగడం తగ్గకపోగా మనిషి బిగుసుకుపోతుంది. మా పెద్దమ్మకి జరిగింది అదే. పార్కిన్సన్స్ మందులవల్ల వచ్చే వికారానికి సాధారణంగా డోంపెరిడోన్ ఇస్తారు. అది మెదడు జోలికి అంతగా పోదు కాబట్టి ఆ భయం తక్కువ. కానీ అది గుండె లయని చెడగొట్టే ప్రమాదం ఉందని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దాని మోతాదునీ, వాడే రోజులనీ తగ్గించమంది. కాబట్టి పాత చీటీ చూపించి నెలల తరబడి తెచ్చుకోవడం మంచిది కాదు.

బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, మగవాళ్ళకి ప్రోస్టేట్‌కిచ్చే టాంసులోసిన్ వంటివి, కొన్ని నిద్ర, దిగులు మందులు - ఇవన్నీ నిలబడినప్పటి బీపీని ఇంకా కిందికి లాగుతాయి. పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా, ఇతర మందులు కూడా కొంత లాగుతాయి. అలాగని భయపడి లెవోడోపాని మీరే ఆపెయ్యకండి. హఠాత్తుగా ఆపితే ప్రాణంమీదికి వస్తుంది. దూలగొండి గింజల పొడి "మన ఆకుమందే కదా" అని పైనుంచి కలిపి ఇచ్చేవాళ్ళు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. ఆ గింజల్లో ఉన్నది అచ్చంగా లెవోడోపాయే. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని ఆ గింజల్నుంచి వేరుచేసి చూపించారు. అంటే డాక్టరుకి తెలియకుండా డోసు పెంచినట్టే. వాడే ప్రతిదీ, ఆయుర్వేదమైనా, హోమియో అయినా, ఒక సంచీలో వేసి డాక్టరు ముందు కుమ్మరించడం మంచి పద్ధతి.

ఇందులో మరో తిరకాసుంది. నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళలో దాదాపు సగంమందికి పడుకుంటే బీపీ పెరుగుతుంది. అందుకే రాత్రి మూత్రం ఎక్కువై నాలుగైదుసార్లు లేవడం, లేచినప్పుడల్లా పడిపోవడం. అందుకే డాక్టరు దగ్గర బీపీ ఎక్కువ చూపించడం, మాత్ర పెంచడం. ఈ ఎక్కువా, ఈ తక్కువా రెండూ ఒకే జబ్బు చేసే పని. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేస్తే రెండింటికీ కాస్త మేలు. రెండు దిళ్ళు పెట్టడం దానికి సాటి కాదు, మెడ మాత్రమే వంగుతుంది. పగలు పడుకోబెట్టే బదులు వాలుకుర్చీలో కూచోబెట్టడం మంచిది. బీపీ పెంచడానికి మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ వంటి మందులున్నాయి. మిడోడ్రిన్ వేసుకున్నాక నాలుగు గంటలపాటు పడుకోకూడదు. ఇలాంటి సంగతులు చీటీ రాసేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

మందుల కంటే ముందు ఇంట్లో చేసుకోగలిగినవి చాలా ఉన్నాయి. పొద్దున్న మంచం దిగే ముందు అయిదు నిమిషాలు కాళ్ళు వేలాడేసి కూచోవాలి. పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. లేచే ముందు రెండు పెద్ద గ్లాసుల మంచినీళ్ళు గబగబా తాగితే కొద్ది నిమిషాల్లోనే బీపీ లేస్తుంది, గంటా గంటన్నర ఆసరా ఇస్తుంది. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం నీళ్ళూ, ఉప్పూ ఎంతో డాక్టరుని అడగాలి. ఉప్పు దగ్గర చాలా ఇళ్ళలో గొడవ. బీపీ అని ఏళ్ళతరబడి చప్పిడి కూడు పెట్టిన ఇల్లాలికి, ఇప్పుడు ఆవకాయ కాస్త వెయ్యొచ్చంటే చెయ్యి రాదు. అందుకే ఆ మాట డాక్టరుగారి నోటే వినాలి.

పళ్ళెంనిండా అన్నం తిని లేస్తే రక్తమంతా పొట్ట వైపు వెళ్ళి బీపీ పడిపోతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. భోజనమయ్యాక అరగంటైనా కూచోనివ్వండి. తలంటుకి మరీ వేడినీళ్ళు వద్దు, పీటమీద కాకుండా ఎత్తయిన స్టూలుమీద కూచోబెట్టి పొయ్యండి. వేసవి మధ్యాహ్నాలు బయటకి పంపకండి. గుళ్ళో క్యూలో నిలబడవలసొస్తే కాలుమీద కాలు మెలేసి తొడలు బిగపట్టడం, మునివేళ్ళమీద లేవడం వంటివి రక్తాన్ని పైకి తోస్తాయి. మగవాళ్ళు రాత్రిపూట మూత్రానికి కూచునే వెళ్ళాలి. బాలింతలకి కట్టే నడికట్టు మనకి కొత్తకాదు. దాదాపు అలాంటిదే, పొట్టచుట్టూ బిగించే బెల్టు, పగలు నిలబడేటప్పుడు కట్టుకుని పడుకునేటప్పుడు తీసేస్తే చాలామందికి ఉపయోగపడుతుంది. ఇక ఉపవాసాలు. దేవుడి ముందు మనిషి కూలబడాలని ఏ శాస్త్రమూ చెప్పదని నా నమ్మకం.

మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. చాలామందిలో ఇది వణుకు కంటే ఏళ్ళముందే మొదలవుతుంది. ముక్కి ముక్కి కూచుని లేచేటప్పుడు బీపీ పడిపోయి అక్కడే పడినవాళ్ళున్నారు. పొట్ట మెల్లగా కదిలితే లెవోడోపా కూడా మెల్లగా ఒంటబడుతుంది. "పొద్దున మందు పనిచెయ్యలేదు" అన్న ఫిర్యాదు వెనక ఈ కారణం కూడా ఉండొచ్చు. అలాగని ప్రతిదాన్నీ పార్కిన్సన్స్ ఖాతాలో వెయ్యకూడదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడదడ, కూచున్నచోటే స్పృహ తప్పడం, నల్లటి విరేచనం - ఇవి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసిన సంగతులు. చక్కెర జబ్బు కూడా ఇవే నరాలని దెబ్బతీస్తుంది కాబట్టి, రెండూ ఉన్నవాళ్ళ విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి.

ఇది ఆడవాళ్ళ పేజీలో ఎందుకు రాశానంటే, ఈ జబ్బు ఆడవాళ్ళ మీద రెండువైపుల నుంచీ పడుతుంది. పార్కిన్సన్స్ మగవాళ్ళలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అంటే చాకిరీ చేసేది ఎక్కువగా భార్యలూ, కోడళ్ళూ, కూతుళ్ళూ. రాత్రి నాలుగుసార్లు లేచి ఆయన్ని పట్టుకుని నడిపించే అరవై అయిదేళ్ళ ఆవిడకి నిద్ర ఉందా, ఆవిడ నడుము ఎలా ఉందని ఎవరడుగుతున్నారు? ఆవిడ బీపీ ఎప్పుడైనా ఎవరైనా చూశారా? జబ్బు ఆడమనిషికే వస్తే కథ ఇంకోలా ఉంటుంది. పడిపోతే రక్తహీనత అంటారు, ముట్లుడిగిన నీరసం అంటారు, పనిదొంగతనం అనేవాళ్ళూ ఉన్నారు. ఎముకలు గుల్లబారిన వయసులో ఒక్కసారి పడితే తుంటి విరుగుతుంది. ఆ తర్వాత మంచమే ఆవిడ లోకం. మూడు నిమిషాల పరీక్ష చెయ్యకపోవడానికి ఇంత మూల్యమా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ కనిపించే వణుకుకి దొరికే గుర్తింపు కనిపించని బీపీ పతనానికి కూడా దొరకాలి. అందుకు కొత్త చట్టాలేం అక్కర్లేదు. ఊళ్ళో సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎమ్ బీపీ చూస్తూనే ఉంది. వణుకుడు జబ్బున్నవాళ్ళకీ, తరచూ పడిపోయే పెద్దవాళ్ళకీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమని ఆమెకి నేర్పితే చాలు. డాక్టర్లు ఎంత తీరికలేనివాళ్ళో నాకు తెలుసు. అయినా ఇల్లాలు గుమ్మం దగ్గర చెప్పే మాట కోసం ఒక్క నిమిషం కుర్చీ చూపించండి. ఆవిడ రాసుకొచ్చిన కాగితాన్ని చదవండి. మీ పరీక్షగదిలో పావుగంట కనిపించే రోగాన్ని ఆవిడ ఇరవైనాలుగు గంటలూ చూస్తోంది.

మగపిల్లలకి ఒక మాట. అమ్మకో నాన్నకో బీపీ మిషన్ కొనిచ్చి డబ్బు పంపడంతో బాధ్యత తీరదు. ఆ మిషన్ పట్టీ కట్టడం మీరూ నేర్చుకోండి. సెలవుకి వచ్చినప్పుడు రాత్రి రెండుసార్లు లేచే వంతు మీరు తీసుకోండి, ఆ ఒక్క రాత్రైనా ఆవిడ నిద్రపోతుంది.

చదివే అమ్మలకీ, అక్కలకీ, కోడళ్ళకీ చివరగా చెప్పేది ఒకటే. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కళ్ళు తిరిగే సంగతి గుమ్మం దాకా దాచుకోకండి. కూచున్న వెంటనే, మొదటి మాటగా చెప్పండి. "నిలబెట్టి కూడా బీపీ చూడండి డాక్టరుగారూ" అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? పడితే లేపవలసింది మీరే కదా.